కారు కంటికి రెప్ప ఏదీ?

ఆడవాళ్ళ చేతిసంచిలో ఉండే చిన్న అద్దాన్ని చూసి మగవాళ్ళు వేళాకోళం చెయ్యడం ఇవాళ్టి సంగతి కాదు. పౌడరు అద్దుకోవడానికీ, బొట్టు చెదిరిందేమో చూసుకోవడానికీ తప్ప ఆ అద్దం మరెందుకూ కొరగాదని వాళ్ళ నమ్మకం. అలాంటి వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర ఒక మంచి సంగతి ఉంది. ఇవాళ ఏ కారుకైనా, ఆ మాటకొస్తే మనింట్లో స్కూటరుకైనా ఉండే వెనకచూపు అద్దానికి ముత్తవ్వ ఆ చేతిసంచి అద్దమేనంటే తప్పులేదు.

డోరతీ లెవిట్ అని ఒక ఇంగ్లీషు అమ్మాయి ఉండేది. కార్ల కంపెనీ ఆఫీసులో ఉద్యోగానికి చేరి, కార్లు నడపడం నేర్చుకుని, మగవాళ్ళతో సమానంగా పందేలలో దిగింది. 1906లో గంటకు 90 మైళ్ళ వేగం అందుకుని ఆడవాళ్ళలో రికార్డు సృష్టించింది. ఆవిడ 1909లో "ది వుమన్ అండ్ ది కార్" అని ఒక పుస్తకం రాసింది. కారు నడపదలచుకున్న ఆడవాళ్ళకి సలహాలన్నమాట. అందులో ఒకటి - సీటుకింద సొరుగులో చేతి అద్దం ఉంచుకోండి, అప్పుడప్పుడు పైకెత్తి పట్టుకుంటే వెనక ఏమొస్తోందో కనిపిస్తుంది అని.

ఆ మాట అచ్చయిన రెండేళ్ళకు, 1911లో, అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 500 మైళ్ళ పందెం జరిగింది. ఆ రోజుల్లో పందెం కారులో ఇద్దరు కూచునేవారు. ఒకరు నడిపితే, రెండోవారు బండి యంత్రం సంగతి కనిపెట్టుకుంటూ, వెనకనుంచి ఎవరొస్తున్నారో చెబుతూ ఉండేవారు. రే హరూన్ అనే ఆయన మాత్రం రెండో మనిషి లేకుండా, ఎదురుగా ఒక అద్దం బిగించుకుని ఒక్కడే బయల్దేరాడు, నెగ్గాడు కూడా. వెనకచూపు అద్దం అనగానే చరిత్రలో ఆయన పేరే చెబుతారు. సొరుగులో అద్దం పెట్టుకోమన్న ఆవిడను గుర్తుపెట్టుకున్నవాళ్ళు తక్కువ. సరే, లోకరీతి అదే కదా!

కారు కంటి కథ అలా మొదలైంది. ఆనాడు వెనక్కి చూసే ఒక్క కన్ను. ఈనాడు కొన్ని కార్లకు చుట్టూ 8 కెమేరా కళ్ళు. యజమాని ఊళ్ళో లేనప్పుడు కూడా అవి మేలుకుని కాపలా కాస్తాయి. ఈ కళ్ళు ఎలా పుట్టాయి, దేనికోసం పెరిగాయి, బండి పాతబడితే వాటి గతేమిటి - ఇవన్నీ ఇంజనీర్ల గొడవలని మనం వదిలెయ్యక్కర్లేదు. వీటిలో ఆడవాళ్ళ చెయ్యీ ఉంది, ఆడవాళ్ళ బాధా ఉంది.

అద్దం పోయి కెమేరా రావాలన్న ఊహ కూడా పాతదే. 1956లో జనరల్ మోటార్స్ వారు బ్యూక్ సెంచూరియన్ అనే కారును ప్రదర్శనలో పెట్టారు. దాని వెనక ఒక టెలివిజను కెమేరా, డ్రైవరు ముందు ఒక చిన్న తెర. వెనక వచ్చే బళ్ళు ఆ తెరమీద కనిపించాలని ఉద్దేశం. జనం ముక్కున వేలేసుకుని చూశారు గాని, ఆ కారు బజారులోకి రాలేదు. ఆ రోజుల్లో టెలివిజను కెమేరా అంటే మాటలా! కారు ఖరీదుకు కెమేరా ఖరీదు తోడవుతుంది. ప్రదర్శన బండి ప్రదర్శనకే మిగిలిపోయింది.

మరో పదేళ్ళకు ఇంటి కాపలా కెమేరా పుట్టింది. అయితే అది కార్ల కంపెనీలో పుట్టలేదు, ఒక నర్సమ్మ పడకగదిలో పుట్టింది.

న్యూయార్కు నగరంలో క్వీన్స్ అనే పేట ఉంది. అక్కడ మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నల్లజాతి నర్సు కాపురం ఉండేది. భర్త ఆల్బర్టు ఎలక్ట్రానిక్స్ పని తెలిసినవాడు. ఇద్దరివీ వేళాపాళా లేని ఉద్యోగాలు. భర్త ఇంట్లో లేని రాత్రి తలుపు చప్పుడైతే ఆమెకు గుండె దడ. పేటలో దొంగతనాలు ఎక్కువ, పిలిస్తే పోలీసులు రావడం ఆలస్యం. వచ్చినవాడెవడో చూడాలంటే తలుపు దాకా వెళ్ళాలి. వెళ్ళడానికే భయం! ఒంటరిగా ఉన్న రాత్రి తలుపు చప్పుడు విన్న ఏ ఇల్లాలికైనా ఆ భయమేమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఆమె భయపడి ఊరుకోలేదు. భర్త సాయంతో ఒక ఏర్పాటు చేసుకుంది. తలుపుకు ఒకదాని కింద ఒకటిగా నాలుగు రంధ్రాలు. లోపల పైకీ కిందకీ జరిగే కెమేరా. పొడుగువాడొచ్చినా, చిన్నపిల్లాడొచ్చినా ఏదో ఒక రంధ్రంలోంచి కనిపించాలని. ఆ బొమ్మ పడకగదిలో టెలివిజను తెరమీద పడుతుంది. మంచం మీదనుంచే బయటివాడితో మాట్లాడవచ్చు. తెలిసినవాడైతే ఒక మీట నొక్కితే తలుపు గడియ తెరుచుకుంటుంది. కానివాడైతే మరో మీట, సహాయానికి కబురు వెళుతుంది. 1966 ఆగస్టులో దంపతులిద్దరూ పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. 1969 డిసెంబరు 2న పేటెంటు చేతికొచ్చింది. ఇవాళ అపార్టుమెంటు తలుపు దగ్గర మనం చూసే కెమేరా గంటలకు ఆ పేటెంటే పెద్దదిక్కు.

ఇందులో నాకు ముఖ్యంగా తోచేది ఒకటుంది. ఆ కెమేరా చూసిన బొమ్మ ఆమె పడకగది దాటి వెళ్ళలేదు. మీట ఆమె చేతికిందే ఉంది. చూడాలనుకుంటే చూసింది, చాలనుకుంటే ఆపింది. కంటికి రెప్ప ఎలాగో, ఆ కెమేరాకు ఆమె చెయ్యి అలాగ. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ దీని పని పడుతుంది.

ఇక కార్లలోకి కెమేరా శాశ్వతంగా వచ్చిన వైనం చెప్పాలంటే మనసు బరువెక్కుతుంది. 2002లో న్యూయార్కు దగ్గర ఒక తండ్రి - ఆయన పిల్లల డాక్టరు కూడా - రాత్రిపూట తన పెద్దకారును వాకిట్లో వెనక్కి నడుపుతున్నాడు. అద్దాలన్నీ చూసుకున్నాడు. తల తిప్పి చూశాడు. ఎత్తయిన ఆ బండి వెనక, ఏ అద్దానికీ అందని చోట, రెండేళ్ళ కొడుకు ఉన్నాడు. తరవాత సంగతి నేను చెప్పలేను.

ఆ తండ్రి తన దుఃఖాన్ని గుండెలో పెట్టుకుని ఇంట్లో కూచోలేదు. అలాంటి కడుపుకోత అనుభవించిన మరికొందరు తల్లిదండ్రులతో కలిసి చట్టసభ గడప తొక్కాడు. 2008లో అమెరికా ప్రభుత్వం ఆ పసివాడి పేరుతోనే చట్టం చేసింది. అయితే చట్టం చేసినంత తేలిగ్గా నియమం రాలేదు. 2011లోగా రావలసినది వాయిదాల మీద వాయిదాలు పడింది. చివరకు 2013లో తల్లిదండ్రులు, వినియోగదారుల సంఘాలవారు కోర్టుకెక్కారు. 2014లో ప్రభుత్వం లెక్క చెప్పింది - వెనక్కి వచ్చే బళ్ళ కింద పడి ఏటా సగటున 210 మంది చనిపోతున్నారు, 15,000 మంది గాయపడుతున్నారు, చనిపోయేవారిలో నూటికి 31 మంది అయిదేళ్ళలోపు పిల్లలు అని. ఆఖరికి 2018 మే 1 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి కొత్త కారుకూ వెనక కెమేరా ఉండి తీరాలన్నారు. పసివాడు పోయిన పదహారేళ్ళకు!

కాబట్టి కారు తెరమీద కనిపించే ఆ వెనక బొమ్మను సోకు అనుకోకండి. దాని వెనక కన్నీళ్ళున్నాయి. ఆ తెర ఆరిపోతే ఏమిటట అని ఎవరైనా తేలిగ్గా అంటే ఈ కథ చెప్పండి. అది ఆరిపోయిన రోజు కూడా వచ్చింది. ఆ ముచ్చట చెప్పాలంటే ముందు కరెంటు కార్ల సంగతి చెప్పాలి.

కరెంటు కారు కొత్త సరుకని చాలామంది అనుకుంటారు. నూరేళ్ళ పైబడిన సరుకది. పెట్రోలు కార్లను హాండిలు తిప్పి స్టార్టు చెయ్యవలసిన కాలంలో, చేతులు విరగ్గొట్టుకోవడం ఇష్టంలేని షోకైన నగరవాసులు, ముఖ్యంగా ఆడవాళ్ళు కరెంటు కార్లే కోరుకునేవారు. పెట్రోలు కార్లతో ప్రపంచాన్ని నింపిన హెన్రీ ఫోర్డుగారి ఇల్లాలు క్లారా కూడా 1914 నాటి డెట్రాయిట్ ఎలక్ట్రిక్ కారులోనే తిరిగేది. భర్త అమ్మేదొకటి, భార్య ఎక్కేదొకటి!

ఆ పాత కరెంటు బళ్ళలో ఒక సుగుణం ఉండేది. బాటరీ పాతబడితే తీసేసి కొత్తది పెట్టుకునేవారు. డెట్రాయిట్ ఎలక్ట్రిక్ వారు 1911 ప్రాంతం నుంచి, మరికొంత సొమ్ము చెల్లిస్తే మామూలు సీసపు బాటరీ బదులు ఎడిసన్‌గారి నికెల్-ఇనుప బాటరీ అమర్చి ఇచ్చేవారు. హార్ట్‌ఫర్డ్ అనే ఊళ్ళో కరెంటు కంపెనీవారు మరో అడుగు ముందుకు వేశారు. కొనేవాడు బాటరీ లేని లారీ కొనుక్కుంటే చాలు, బాటరీ తమది, తిరిగిన మైళ్ళను బట్టి డబ్బు కట్టండి అన్నారు. 1910ల్లో మొదలైన ఆ ఏర్పాటు 1924 దాకా నడిచింది. అంటే బండి ఒళ్ళు వేరు, ప్రాణం వేరు. ప్రాణం సన్నగిల్లితే కొత్తది పోసేవారు. అందుకే ఆనాటి కార్లు కొన్ని, బాటరీలు మార్చుకుని, ఈనాటికీ ప్రదర్శనల్లో తిరుగుతున్నాయి.

మన కాలపు కరెంటు కారుకు ప్రాణం ఒక్కటే కాదు, మెదడు కూడా ఉంది. తకరారంతా ఆ మెదడు దగ్గరే.

2012లో కాలిఫోర్నియాలోని ఫ్రీమాంటు కార్ఖానా నుంచి టెస్లావారి మోడల్ ఎస్ కారు వచ్చింది. ఫ్రీమాంటు అంటే మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్న ఊరే. అక్కడికో, డల్లాసుకో పిల్లల దగ్గరికి వెళ్ళివచ్చిన తల్లులకు ఈ కార్లు కొత్తకాదు. ఆ కారులో మీటలూ బొత్తాలూ దాదాపు మాయం. వాటి బదులు మధ్యలో పెద్ద తెర. పాటలు, దారి, గాలి, అద్దంమీద మంచు కరిగించే వేడి, వెనక కెమేరా బొమ్మ - అన్నీ అక్కడే. ఇంట్లో తాళాలన్నీ ఒకే గుత్తికి గుచ్చినట్టు. సౌకర్యమే, కాదనను. గుత్తి పోతేనే కదా తెలిసేది!

ఆ మొదటి బళ్ళకు వెనక కెమేరా తప్ప వేరే కన్ను లేదు. 2014లో ముందువైపు ఒక కన్ను వచ్చింది. 2016 అక్టోబరులో ఒక్కసారిగా 8 కళ్ళు అమర్చారు. తనంతట తాను నడిచే కారుకు కావలసిన సరంజామా అంతా ఇందులో ఉందని కంపెనీవారు చాటింపు వేశారు. ఆ కళ్ళు నడకకోసం పెట్టినవి. కాపలాకు పనికొస్తాయన్న ఊహ తరవాత వచ్చింది.

అప్పటికే లోకంలో కారు అద్దానికి కెమేరా తగిలించుకునే అలవాటు ఉంది. ప్రమాదం జరిగితే తప్పెవరిదో చెప్పడానికి సాక్ష్యంగా రష్యాలో చాలామంది పెట్టుకునేవారు. 2013 ఫిబ్రవరి 15న చెల్యాబిన్‌స్క్ ఊరిమీద ఆకాశంలో ఒక పెద్ద ఉల్క భగ్గుమన్నప్పుడు, ఆఫీసులకు పోతున్న కార్ల కెమేరాలన్నీ దాన్ని పట్టేశాయి. ఆ బొమ్మల సాయంతో అది ఏ దారిన వచ్చిందో శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. తగాదాకోసం పెట్టిన సాక్షి ఖగోళశాస్త్రానికి పనికొచ్చింది!

2019 ఫిబ్రవరిలో టెస్లావారు "సెంట్రీ మోడ్" అన్న ఏర్పాటు తెచ్చారు. పహరా అన్నమాట. కారు ఆపి తాళం వేసి వెళ్ళాక కూడా కెమేరాలు మేలుకునే ఉంటాయి. ఎవరైనా మరీ దగ్గరగా వచ్చి ఆనుకుంటే, "నిన్ను చూస్తున్నాను" అన్నట్టు తెరమీద హెచ్చరిక వెలుగుతుంది. అద్దం పగలగొడితే కూత, పెద్దగా సంగీతం, యజమాని ఫోనుకు కబురు. జరిగినదంతా కారులో గుచ్చిన చిన్న మెమరీ పుల్లలో దాఖలవుతుంది. మన ఇళ్ళలో దొంగలుపడిన ఆర్నెల్లకు మొరిగే కుక్కల సామెత ఉంది కదా, ఇది ఆ జాతి కాదు.

దీని ప్రయోజనానికి ఒక నిజమైన ఉదాహరణ చెబుతాను. 2020 డిసెంబరు 28న మసాచుసెట్స్ రాష్ట్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లో మార్టిన్ లూథర్ కింగ్ పేరున్న ఒక చర్చిని ఎవరో తగలబెట్టారు. ఎక్కువగా నల్లజాతివారు ప్రార్థన చేసుకునే చర్చి అది. చేసినవాడెవడు? అదే నెలలో ఆ చుట్టుపక్కల ఒకడు టెస్లా కారు చక్రాలు ఊడదీసుకుపోయాడు. చక్రం విప్పడానికి వంగినవాడి ముఖాన్ని కారు పక్కకన్ను నిక్షేపంలా పట్టుకుంది. చర్చి దగ్గర కెమేరాల్లో కనిపించిన మనిషిని గుర్తుపట్టడానికి ఆ బొమ్మ పనికొచ్చిందని 2021లో అమెరికా ఎఫ్.బి.ఐ. వారు కోర్టుకు సమర్పించిన పత్రంలో రాశారు. చక్రాల దొంగతనం చర్చి కేసును వెలికితీసింది.

అయితే ఊరికే ఎవరు కాపలా కాస్తారు చెప్పండి? గూర్ఖాకైనా నెలజీతం ఇవ్వాలి. ఈ పహరాకు జీతం బాటరీలోని కరెంటు. రోజల్లా మేలుకుంటే సుమారు 20 మైళ్ళు నడిచేంత కరెంటు కూచున్నచోటే ఖర్చయిపోతుందని వాడకందార్లు గమనించారు. విమానాశ్రయంలో వారంపాటు కారు వదిలి వెళ్ళేవాళ్ళు ఈ లెక్క చూసుకోవాలి.

ఇంకో చిక్కు. ఈ పహరా మొదట 2017 ఆగస్టు తరవాత తయారైన బళ్ళకే దక్కింది. అంతకుముందు కొన్నవాళ్ళ బళ్ళలో కొన్నిటికి కళ్ళు లేవు, కొన్నిటికి కళ్ళున్నా చూసినదాన్ని గ్రహించే మెదడు చాలదు. లక్షలు పోసి కొన్న కారు అప్పుడే ముసలిదైపోయిందన్నమాట. మరి పాతకారుకు కొత్త మెదడు వేయించుకోవచ్చా? కొంతవరకు వేయించుకోవచ్చు. 2020లో కంపెనీవారు 2018 మార్చికి ముందటి కార్ల మధ్యతెరను, దాని కంప్యూటరును మార్చి కొత్తది అమరుస్తామన్నారు. ఖరీదు 2,500 డాలర్లు. కొత్త తెర చురుకైనదే. కాని అది పెడితే కారులో రేడియో పోతుంది! కొత్త పెట్టెలో పాత రేడియోకు చోటులేదట. రేడియో కావాలంటే తరవాత మరికొంత సొమ్ము పెట్టి వేరే అమర్చుకోవలసి వచ్చింది. కళ్ళకు ఆపరేషను చేయించుకుంటే చెవులు పోయినట్టు లేదూ?

అసలు గండం వేరే చోట ఉంది. పాత తెర వెనక 8 గిగాబైట్ల మెమరీ చిప్పు ఒకటుండేది. దాన్ని పిల్లల పలకలాంటిది అనుకోండి. కారు తాను చేసిన ప్రతి పనీ ఆ పలకమీద రాసుకుంటుంది, చోటు చాలకపోతే తుడిచి మళ్ళీ రాస్తుంది. మామూలు పలక ఎన్నిసార్లు తుడిచినా అరగదు. ఈ పలకలో ఒక్కొక్క గడిని సుమారు 3,000 సార్లు తుడిచి రాయవచ్చు, అంతే. ఆపైన అరిగిపోతుంది. బండిని బాగా వాడేవాళ్ళకు 5, 6 ఏళ్ళలోనే పలక నిండా అరుగు పట్టింది. తెర నల్లబడింది. తెరతోబాటు అద్దంమీద మంచు కరిగించే మీట పోయింది, మలుపు తిరిగేటప్పుడు వినిపించే టిక్‌టిక్ చప్పుడు పోయింది, అన్నిటికంటె ముఖ్యంగా వెనక కెమేరా బొమ్మ పోయింది. ఒక పసివాడి పేరుతో వచ్చిన చట్టం ఏ కంటిని ఉంచి తీరాలన్నదో, ఆ కన్నే మూతపడింది. చక్రాలు బాగున్నాయి, మోటారు బాగుంది, బాటరీ బాగుంది. గోరంత చిప్పు అరిగి కొండంత కారుకు చూపు పోయింది!

2021 జనవరిలో అమెరికా రోడ్డు భద్రతాశాఖవారు, సుమారు 1,58,000 కార్లను వెనక్కి పిలిపించి బాగుచెయ్యండని కంపెనీకి ఉత్తరం రాశారు. కంపెనీవారు వచ్చేనెల సుమారు 1,35,000 కార్లకు ఒప్పుకున్నారు. 8 బదులు 64 గిగాబైట్ల చిప్పు ఉచితంగా వేస్తామన్నారు. ఒప్పుకుంటూనే, ఇలాంటి విడిభాగాలు బండి బతికినంతకాలం బతకాలని ఆశించడం సబబు కాదని వాదించారు.

ఈ వాదన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఒక విధంగా నిజమే. కుక్కరులో రబ్బరు కుక్కరంత కాలం మన్నదు, రెండేళ్ళకోసారి మారుస్తాం. కాని కుక్కరు కొనేటప్పుడే రబ్బరు అరుగుతుందని మనకు తెలుసు, ఎక్కడ దొరుకుతుందో తెలుసు, మార్చడానికి కుక్కరు ఖరీదులో పదోవంతయినా అవదు. కారు కొన్నవాళ్ళలో ఎంతమందికి ఆ తెర వెనక అరిగిపోయే పలక ఉందని తెలుసు? అరిగేదాన్ని అరుగుతుందని ముందే చెప్పి, మార్చుకునే వీలు కల్పించడం అమ్మినవాడి ధర్మం. హార్ట్‌ఫర్డ్‌లో నూరేళ్ళనాడే ఆ ధర్మం తెలిసినవాళ్ళున్నారు. అరిగేది బాటరీ అని వాళ్ళకు తెలుసు, దాని భారం వాళ్ళే మోశారు.

తనంతట తాను నడిచే కారు మాట కూడా అలాగే అయింది. అన్నీ ఉన్నాయన్న 2016 నాటి కార్లకు 2019లో కొత్త కంప్యూటరు అవసరమైంది. ఆ వరానికి ముందుగా డబ్బు కట్టినవారికి ఉచితంగా మార్చారు. 2025 జనవరిలో ఎలాన్ మస్క్‌గారు ఆ 2019 నాటి కంప్యూటరు కూడా చాలదని, డబ్బు కట్టినవారికి మళ్ళీ మార్చవలసి వస్తుందని అన్నారు. మెదడు పెరిగినకొద్దీ తల మార్చవలసి రావడం పురాణాల్లో కూడా ఒకటి రెండు సార్లే విన్నాం.

పాతది తీసి కొత్తది పెట్టించుకున్నప్పుడు, తీసిన పాతపెట్టె ఏమవుతుంది? మనలో చాలామంది పాతబట్టలిచ్చి స్టీలు గిన్నెలు కొన్నవాళ్ళమే. చొక్కా వేసేముందు జేబులు తడుముతాం, చీర వేసేముందు కొంగున ముడి ఉందేమో చూస్తాం. కారు పెట్టెకు జేబులు తడిమేవారు లేకపోయారు. 2020లో ఒక సాంకేతిక నిపుణుడు, అలా కార్లనుంచి తీసేసిన పెట్టెలను ఈబే అనే అంగడిలో కొని తెరిచి చూశాడు. పాత యజమానుల ఇళ్ళ ఆచూకీ, ఆఫీసుల ఆచూకీ, ఫోను నంబర్ల పుస్తకాలు, ఇంటి ఇంటర్నెట్టు రహస్య సంకేతాలు - అన్నీ భద్రంగా ఉన్నాయి. ఇంటి గుట్టు లంకకు చేటని మనవాళ్ళు ఊరికే అన్నారా? ఆడపిల్ల ఒంటరిగా ఉండే ఇల్లు ఏదో, ఆమె రోజూ ఎన్నింటికి ఎక్కడికి వెళ్ళొస్తుందో చెప్పే పెట్టె ఎవరి చేతనో పడడం ఎంత ప్రమాదమో ఊహించుకోండి.

ఇంతవరకు కారున్నవాళ్ళ గొడవ. కారు లేనివాళ్ళ గొడవ ఇంకొకటుంది. మీ ఎదురింటివారి కారు మీ కిటికీ ముందు రాత్రంతా మేలుకుని ఉంటే? ఈ ప్రశ్న నెదర్లాండ్స్ దేశంలో వచ్చింది. అక్కడ వ్యక్తుల గోప్యతను కాపాడే ప్రభుత్వసంస్థ ఉంది. ఆ కారు దగ్గరికి వచ్చినవారినల్లా వాళ్ళకు తెలియకుండా బొమ్మ తీస్తోందని, ఎవరింటి కిటికీ ఎదురుగా ఆపినా లోపల జరిగేది చూడవచ్చని ఆ సంస్థవారు ఆక్షేపించారు. కంపెనీవారు మార్పులు చేశారు. యజమాని కోరితే తప్ప కెమేరాలు బొమ్మ తియ్యకూడదు. తీస్తున్నప్పుడు ముందుదీపాలు మినుకుమని దారినపోయేవారికి తెలపాలి. తీసిన బొమ్మ కారులోనే ఉండాలి, పదినిమిషాలకు మించకూడదు. ఆ పైన, కారు తీసిన బొమ్మలకు బాధ్యత కారు యజమానిదేనని 2023 ఫిబ్రవరిలో ఆ సంస్థ తేల్చి చెప్పింది. మీట యజమాని చేతికివ్వడం, చూస్తున్నానని చెప్పి చూడడం - క్వీన్స్‌లోని ఆ నర్సమ్మ ఇంటి పద్ధతికి దగ్గరగా వచ్చామన్నమాట.

ఆ తరవాత రెండు నెలలైనా కాలేదు, 2023 ఏప్రిల్‌లో రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం ప్రచురించింది. 2019 నుంచి 2022 వరకు, వాడకందార్ల కార్ల కెమేరాలు తీసిన కొన్ని దృశ్యాలను టెస్లా ఉద్యోగులు కొందరు తమలో తాము పంచుకుని చూసుకున్నారని, ఒంటిమీద నూలుపోగు లేకుండా కారు దగ్గరికి వచ్చిన మనిషి దృశ్యం కూడా వాటిలో ఉందని, ఇళ్ళ గరాజుల్లో సామాన్లు సైతం కనిపించాయని, ఆ సంస్థలో లోగడ పనిచేసినవారు చెప్పారట. కారును నడవడం నేర్పడానికి, యజమానుల అనుమతితో దృశ్యాలు సేకరించే పద్ధతి ఉంది. అవి ఎవరివో తెలియకుండా ఉంటాయన్నది కంపెనీ ఇచ్చిన హామీ. రాయిటర్స్ అడిగిన ప్రశ్నలకు మాత్రం కంపెనీ జవాబివ్వలేదు. ఈ కథనం చదివాక నాకు కంచే చేను మేసిన సామెత గుర్తుకు రాక మానలేదు.

మరి కెమేరాలే వద్దందామా? నేననను. తెరమీద కనిపించి బతికిన పసివాళ్ళను మనం లెక్కపెట్టలేం, ఎందుకంటే జరగని ప్రమాదానికి రికార్డుండదు. అర్ధరాత్రి డ్యూటీ దిగి కారు దగ్గరికి ఒంటరిగా నడిచే అమ్మాయికి, బండి చుట్టూ ఎవరైనా తచ్చాడుతున్నారేమో ఫోనులో ముందే తెలియడం ఎంత ధైర్యం! 2025 జులైలో ఈ కార్ల దుకాణం ముంబాయిలో కూడా తెరిచారు. ఆ కంపెనీదే అక్కర్లేదు, కళ్ళున్న కార్లు ఏ కంపెనీవైనా మన వీధుల్లో తిరుగుతూనే ఉన్నాయి. కాబట్టి వద్దనడం కాదు, అడగడం నేర్చుకోవాలి. చీర కొనేటప్పుడు రంగు పోతుందా అని అడుగుతాం. బంగారం కొనేటప్పుడు తరుగెంత అని అడుగుతాం. కారు కొనేటప్పుడు కూడా నాలుగు మాటలు అడుగుదాం. ఇందులో ముందుగా అరిగిపోయే భాగమేది? పదేళ్ళ తరవాత అది దొరుకుతుందా, ఖరీదెంత? ఈ కెమేరాల మీట ఎక్కడుంది? తీసిన బొమ్మలు ఎక్కడికి పోతాయి? బండి అమ్మేటప్పుడో, పెట్టె మార్పించేటప్పుడో లోపల రాసుకున్నదంతా తుడిచి ఇస్తారా? ఈ ప్రశ్నలకు ఇంజనీరింగు చదువు అక్కర్లేదు. జేబులు తడిమే అలవాటుంటే చాలు.

పిల్లల్ని కంటికి రెప్పలా చూసుకోమని పెద్దవాళ్ళు చెబుతారు. రెప్ప చేసే పనులు రెండు. దుమ్మూ ధూళీ పడకుండా కంటిని కాపాడుతుంది, అదొకటి. చూడకూడని చోట మూసుకుంటుంది, అది రెండోది. వందేళ్ళకు పైగా కష్టపడి కారుకు ముందూ వెనకా కళ్ళు మొలిపించారు. ఆ కళ్ళు పాతబడితే బాగుచేసే చెయ్యీ, అక్కర్లేనప్పుడు మూసే చెయ్యీ ఎవరివో తేలాలి. కొనే మనం అడిగితేనే అమ్మేవారు అదీ మొలిపిస్తారు. ఏమంటారు?